రాన్సమ్‌వేర్ దాడి తర్వాత ఇంటి నాస్‌ను మళ్ళీ నిలబెట్టడం

ఇంట్లో రౌటర్ పక్కన ఉండే నాస్ పెట్టె (ఇంట్లోని వారందరి ఫైళ్ళనూ ఒకేచోట దాచి నెట్‌వర్క్ మీద అందించే డిస్కుల పెట్టె) రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాం) బారిన పడినప్పుడు ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న ఫైళ్ళు తిరిగి వస్తాయా అన్నదే. ఆ ఆత్రుత అర్థం చేసుకోదగినదే. అయితే అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. దుండగులు ఏ దారిన లోపలికి వచ్చారు? ఆ దారి మూయకుండా బ్యాకప్‌లోని ఫైళ్ళను అదే పెట్టెలోకి తెచ్చి పోస్తే, రెండోసారి పోయేది చివరి కాపీ కావచ్చు. ఈ మధ్య విశాఖపట్నంలో మా అన్నయ్య ఇంట్లో ఇటువంటి దాడి జరిగినప్పుడు ఆ పెట్టెను తిరిగి వాడుకలోకి తెచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. ఆ పనిలో పాటించిన క్రమాన్నీ, ప్రతి అడుగు వెనుక ఉన్న కారణాన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అది రెండు డిస్కులున్న చిన్న పెట్టె. పిల్లల ఫొటోలు, మా నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు, ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజులు, మా నాయనమ్మ గొంతుతో రికార్డు చేసుకున్న పాత కబుర్లు అన్నీ అందులోనే ఉండేవి. ఒక ఆదివారం మా వదిన టీవీలో ఫొటోలు తెరవబోతే ఒక్కటీ తెరుచుకోలేదు. కంప్యూటర్‌లో చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో కొత్త అక్షరాలు చేరి ఉన్నాయి. ప్రతి ఫోల్డర్‌లోనూ బిట్‌కాయిన్ చెల్లించమంటూ ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. "రెండు డిస్కులు పెట్టించింది ఇందుకే కదా, రెండో దాంట్లో ఉంటాయిగా?" అని వదిన అడిగింది. ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో వినిపిస్తుంది కాబట్టి జవాబు స్పష్టంగా ఉండాలి. రెయిడ్ 1 అనే అమరిక ఒక డిస్కు పాడైతే రెండోదానితో పని ఆగకుండా నడవడానికి ఉద్దేశించింది. మొదటి డిస్కులో ఏ మార్పు జరిగినా అదే క్షణంలో రెండో డిస్కులోనూ జరగడమే దాని పని. ఫైలు చెరిపేస్తే రెండింటిలోనూ చెరిగిపోతుంది, ఎన్‌క్రిప్ట్ అయితే (తాళం చెవి వంటి రహస్య సంకేతం లేనిదే చదవలేని రూపంలోకి మారితే) రెండింటిలోనూ అవుతుంది. రెయిడ్‌ను బ్యాకప్‌గా లెక్కవేసుకోకూడదు.

ఆ పెట్టె ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే ఫలానా కంపెనీని తప్పించుకుంటే చాలునన్న అభిప్రాయం ఎవరికీ కలగకూడదు. 2014 ఆగస్టులో సినోలాకర్ అనే రాన్సమ్‌వేర్ సినాలజీ కంపెనీ పెట్టెల మీద పడి 0.6 బిట్‌కాయిన్ అడిగింది. అది వాడుకున్న లోపానికి కంపెనీ 2013 డిసెంబరులోనే సవరణ విడుదల చేసింది. అప్‌డేట్ చేసుకోని పెట్టెలే చిక్కాయి. 2019లో ఎకోరైక్స్ అనేది క్యూనాప్ అనే మరో కంపెనీ పెట్టెల్లో బలహీనమైన పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయత్నించి, పాత లోపాలను వాడుకుని లోపలికి వెళ్ళింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన క్యూలాకర్ సొంత ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం కూడా తెచ్చుకోలేదు. అందరూ వాడే 7-జిప్‌తోనే ఫైళ్ళను పాస్‌వర్డ్ ఉన్న ఆర్కైవ్‌లుగా మార్చి, ఒక్కొక్కరి నుంచి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. ఆ దాడికి దారి ఇచ్చిన లోపాలలో ఒకటి బ్యాకప్ కోసం ఉద్దేశించిన అప్లికేషన్‌లోనే ఉండిపోయిన, ఎవరూ మార్చడానికి వీల్లేని లాగిన్ వివరాలు. భద్రతా లోపాల అంతర్జాతీయ జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2021-28799. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ క్యూనాప్ పెట్టెల మీదికి వచ్చింది, ఫిబ్రవరిలో అది మరో కంపెనీ అయిన అసస్టోర్ పెట్టెలకూ పాకింది. ఈ దాడులన్నిటిలోనూ నేను గమనించిన ఉమ్మడి లక్షణం, వాటికి చిక్కిన పెట్టెల లాగిన్ పేజీయో, ఏదో ఒక సేవో ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనిపించే స్థితిలో ఉండడం. పాస్‌వర్డ్ ఎంత బలమైనదైనా, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పంపే లోపం ముందు అది పనికిరాదు. అందుకే ఈ వ్యాసమంతా రెండే మాటల చుట్టూ తిరుగుతుంది: పెట్టె బయటి ప్రపంచానికి కనిపించకూడదు, పెట్టెలోకి చొరబడినవారి చేయి అందని చోట ఒక కాపీ ఉండాలి.

దాడి కనిపించిన వెంటనే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ముందుగా నాస్‌కు ఉన్న నెట్‌వర్క్ కేబుల్ తీసేయాలి. ఎన్‌క్రిప్షన్ పని పెట్టెలోపలే నడుస్తుంది కాబట్టి కేబుల్ తీసినంత మాత్రాన అది ఆగదు, కానీ ఇంట్లోని మిగతా కంప్యూటర్లతోనూ, దుండగులతోనూ పెట్టెకు సంబంధం తెగిపోతుంది. లోపల ఏం నడుస్తోందో చూడగలిగేవారు, ఒక ల్యాప్‌టాప్‌ను నేరుగా పెట్టెకు కలిపి, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాను ఫొటో తీసుకోవాలి. క్యూలాకర్ సమయంలో 7-జిప్ ఇంకా నడుస్తూ ఉండగా పట్టుకున్నవారు దాని కమాండ్ నుంచే పాస్‌వర్డ్ తెలుసుకోగలిగారు. పెట్టెను ఆపేసినవారికి ఆ అవకాశం పోయింది. అలా చూడగల నైపుణ్యం ఇంట్లో ఎవరికీ లేకపోతే, ఫైళ్ళు ఇంకా మారుతూనే ఉన్నాయని తెలుస్తుంటే, కరెంటు తీసేయడమే మేలని నా అభిప్రాయం. మిగిలిన ఫైళ్ళయినా దక్కుతాయి.

ఆ తర్వాత డబ్బు డిమాండు చేసిన ఫైలును, తెరను, ఎన్‌క్రిప్ట్ అయిన కొన్ని నమూనా ఫైళ్ళను వేరే చోట భద్రపరచాలి. దీనికి బలమైన కారణం ఉంది. డెడ్‌బోల్ట్ దాడి మొదలైన కొద్ది రోజులకే క్యూనాప్ తన పెట్టెలకు ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌ను బలవంతంగా పంపింది. దాడిని ఆపడానికి అది ఉపయోగపడింది, కానీ అప్పటికే డబ్బు చెల్లించి డీక్రిప్షన్ జరుపుకుంటున్న కొందరికి ఆ తెర, ప్రోగ్రాం రెండూ మాయమై పని మధ్యలో ఆగిపోయింది. మరమ్మతు మొదలుపెట్టే ముందు సాక్ష్యం దాచుకోవడం అందుకే అవసరం.

డిస్కుల విషయంలో నా సలహా ఒక్కటే: వాటిని చెరపవద్దు. మా అన్నయ్య చేత కొత్త డిస్కులు కొనిపించి, పాతవాటిని ఏది ఏ స్లాట్‌లో ఉండేదో చీటీ అంటించి అలమరలో పెట్టించాను. ఖర్చు తక్కువ కాదు, అయినా అది వృథా కాదు. తాళం చెవులు కాలక్రమేణా బయటికి వచ్చిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. 2016 మే నెలలో టెస్లాక్రిప్ట్ అనే రాన్సమ్‌వేర్‌ను నడిపినవారే దాని మాస్టర్ కీని బయటపెట్టారు. 2022 అక్టోబరులో డచ్ పోలీసులు డెడ్‌బోల్ట్ ముఠాను వారి పద్ధతిలోనే దెబ్బతీశారు. బిట్‌కాయిన్ చెల్లింపు పూర్తిగా ఖరారు కాకముందే ఆ ముఠా వ్యవస్థ తాళం చెవిని తనంతట తానే పంపుతోందని గమనించి, చెల్లింపులు పంపి, చెవులు చేతికి రాగానే ఆ చెల్లింపులను వెనక్కి తీసుకున్నారు. అలా 155 చెవులు దక్కాయి. 2016 జూలైలో డచ్ పోలీసులు, యూరోపోల్, మరికొన్ని భద్రతా సంస్థలు కలిసి మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్‌లో ఇటువంటి ఉచిత ఉపకరణాలు దొరుకుతాయి. నమూనా ఫైలును ఇస్తే అది ఏ రాన్సమ్‌వేరో, దానికి పరిష్కారం ఉందో లేదో చెబుతుంది. డిస్కులను తాకకుండా ఉంచడానికి మరో కారణం కూడా ఉంది. క్యూలాకర్ వంటివి కొత్త ఆర్కైవ్ రాసి పాత ఫైలును మామూలుగా తొలగించేవి కాబట్టి, హార్డ్‌డిస్కు మీద తొలగించిన చోటు తిరిగి నిండనంతవరకు ఫొటోరెక్ వంటి ప్రోగ్రాంలతో అసలు ఫైళ్ళను వెలికితీసే వీలు ఉండేది. అదే డిస్కు మీద కొత్తగా ఏది రాసినా ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఫిర్యాదు విషయంలో చాలామంది "ఏం లాభం" అని ఊరుకుంటారు. నేను ఊరుకోవద్దనే అంటాను. 1930 నంబరుకు ఫోన్ చేసి గానీ, కేంద్ర హోంశాఖ నడిపే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. డచ్ పోలీసులు తాళం చెవులు సంపాదించినప్పుడు, ముందుగా ఫిర్యాదు చేసినవారి పెట్టెల చెవుల కోసమే మొదట ప్రయత్నించారన్నది గుర్తుంచుకోదగిన విషయం. డబ్బు చెల్లించడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇంట్లో ఎక్కడో ఒకచోట ఎంతో కొంత కాపీ మిగిలి ఉన్నప్పుడు చెల్లించకూడదు. చెల్లించినా చెవి వస్తుందన్న హామీ లేదు, వచ్చినా లోపలికి వచ్చిన దారి అలాగే తెరిచి ఉంటుంది.

ఇప్పుడు ఆ దారి సంగతి. ముందు పెట్టెలోని కనెక్షన్ లాగ్ చూశాను. నెలల తరబడి రకరకాల విదేశీ ఐపీ చిరునామాల నుంచి "అడ్మిన్" అనే పేరుతో విఫలమైన లాగిన్ ప్రయత్నాలు వరుసగా నమోదై ఉన్నాయి. దాడి జరిగిన రాత్రి మాత్రం లాగిన్ విజయవంతమైనట్టు ఒక్క నమోదూ లేదు. అంటే పాస్‌వర్డ్ కనిపెట్టి కాక, ఏదో సేవలోని లోపం గుండా వచ్చి ఉండాలి, లేదా వచ్చినవారు ఆ వరుసను చెరిపేసి ఉండాలి. రెండింటిలో ఏది నిజమైనా చేయవలసిన పని ఒకటే కాబట్టి అక్కడితో ఆగి రౌటర్ వైపు తిరిగాను.

రౌటర్ సెట్టింగుల పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఏ పోర్ట్ (సంఖ్య గల తలుపు) గుండా ఇంట్లోని ఏ పరికరానికి పంపాలో చెప్పే జాబితా, ఖాళీగా ఉంది. చాలామంది అక్కడితో తృప్తి పడి బయటికి వచ్చేస్తారు. దాని కింద వేరే ట్యాబ్‌లో యూపీఎన్‌పీ అనే పట్టిక ఉంది. అందులో రెండు వరుసలు. మొదటిదానిలో బయటి పోర్ట్ 443, లోపలి చిరునామా 192.168.1.20, లోపలి పోర్ట్ 443. రెండోదానిలో పోర్ట్ 21. ఆ చిరునామా నాస్‌దే. 443 దాని లాగిన్ పేజీ, 21 ఫైళ్ళను పంపే పాత పద్ధతి అయిన ఎఫ్‌టీపీ. ఇంట్లో ఎవరూ ఆ వరుసలు రాయలేదు. అమెరికాలో ఉన్న మా అక్కకు ఫొటోలు కనిపించాలని నాస్‌లో దూరం నుంచి వాడుకునే సదుపాయాన్ని ఆన్ చేసినప్పుడు, ఆ పెట్టే యూపీఎన్‌పీ ద్వారా రౌటర్‌ను అడిగి ఆ పోర్ట్‌లు తెరిపించుకుంది. యూపీఎన్‌పీ ఉద్దేశమే అది: ఇంట్లోని ఏ పరికరమైనా పాస్‌వర్డ్ లేకుండా రౌటర్‌ను అడిగి పోర్ట్ తెరిపించుకోవచ్చు. పిల్లల గేమ్ కన్సోల్‌కు అది సౌకర్యం; నాస్‌కు మాత్రం ప్రమాదం. 2022 జనవరిలో క్యూనాప్ కూడా తన వినియోగదారులకు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్‌ను, నాస్‌లో యూపీఎన్‌పీని వెంటనే ఆపేయమని ప్రకటన ఇచ్చింది. రెండు చోట్లా ఆపాలన్నది ముఖ్యం. రౌటర్‌లో ఆపి నాస్‌లో వదిలేస్తే, రేపు రౌటర్ మార్చిన రోజున కొత్తదానిలో అది మళ్ళీ ఆన్‌లో ఉండి, పోర్ట్‌లు ఎవరికీ తెలియకుండా తెరుచుకుంటాయి.

ఆపిన తర్వాత పరీక్షించాలి. ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద, బ్రౌజర్‌లో ఇంటి పబ్లిక్ ఐపీ చిరునామా కొట్టి చూడాలి. లాగిన్ పేజీ రాకూడదు. వైఫై మీద ఉండి చేసే పరీక్షకు విలువ లేదు, ఎందుకంటే అప్పుడు మనం లోపలే ఉన్నాం. ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక వివరం చెప్పాలి. ఇక్కడి చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) చిరునామాను అనేక ఇళ్ళకు పంచే సీజీనాట్ పద్ధతి వాడుతున్నాయి. రౌటర్‌లో వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చే చిరునామా) 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే మీరు ఆ పద్ధతిలో ఉన్నట్టే, బయటివారు నేరుగా మీ ఇంటి తలుపు తట్టలేరు. సీసీ కెమెరాల కోసమో, ఆఫీసు పని కోసమో స్టాటిక్ ఐపీ తీసుకున్న రోజున ఆ రక్షణ పోతుంది. మా అన్నయ్య ఇంట్లో జరిగింది ఇదే. కొత్త తరహా చిరునామాల పద్ధతి అయిన ఐపీవీ6 సంగతి ఇంకా వేరు. అందులో చిరునామాలు పంచుకోవడం ఉండదు, ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ చిరునామా వస్తుంది. అప్పుడు రక్షణ అంతా రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ మీదే ఆధారపడుతుంది. బయటి నుంచి మొదలయ్యే కనెక్షన్లను అది అడ్డుకుంటోందో లేదో చూడకుండా సీజీనాట్‌ను నమ్ముకోవడం సరికాదు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కూడా అదే పూట మార్చాను. కనెక్షన్ ఇచ్చినప్పుడు పరికరం అడుగున స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డే అప్పటిదాకా ఉంది.

పెట్టెను తిరిగి నిర్మించేటప్పుడు పాత వ్యవస్థను శుభ్రపరచి వాడుకోవాలన్న ఆలోచన పెట్టుకోలేదు. కారణం క్యూస్నాచ్ అనే మాల్‌వేర్ చరిత్ర. 2020 జూన్ నడిమికి ప్రపంచంలో సుమారు 62,000 క్యూనాప్ పెట్టెల్లో అది ఉన్నట్టు అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాల సైబర్ భద్రతా సంస్థలు ఉమ్మడిగా ప్రకటించాయి. ఏ వెబ్‌సైట్ పేరు ఏ చిరునామాకు వెళ్ళాలో చెప్పే హోస్ట్స్ ఫైలును అది పెట్టెలో మార్చి, అప్‌డేట్లు అసలు రాకుండా చేసేది. బయటికి అంతా మామూలుగా కనిపిస్తుంది, "మీ ఫర్మ్‌వేర్ తాజాగా ఉంది" అన్న మాట కూడా కనిపించవచ్చు. చొరబడినవారు కొత్త యూజర్ ఖాతానో, నిర్ణీత సమయానికి తనంతట తాను నడిచే స్క్రిప్ట్‌నో, దూరం నుంచి పెట్టెను నడపనిచ్చే ఎస్ఎస్‌హెచ్ కీనో వదిలిపోతే వాటన్నిటినీ వెతికి పట్టుకోవడం ఇంటివారి వల్ల అయ్యే పని కాదు. అందువల్ల పాత డిస్కులు తీసేసి, కొత్త డిస్కులు పెట్టి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కంపెనీ వెబ్‌సైట్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి దించుకున్న తాజా ఫర్మ్‌వేర్ ఫైలును చేత్తోనే ఎక్కించాను. పాత సెట్టింగుల బ్యాకప్ ఫైలు ఉన్నా దానిని వాడలేదు. పాత ఖాతాలూ, పాత సేవలూ దానితోపాటు తిరిగి వస్తాయి.

కొత్త వ్యవస్థలో మొదట చేసింది తగ్గించడం. ఫొటో అప్లికేషన్, మీడియా సర్వర్, డౌన్‌లోడ్ మేనేజర్, ఎఫ్‌టీపీ, టెల్నెట్, ఎస్ఎస్‌హెచ్, వెబ్ సర్వర్ వీటిలో చాలావరకు మా అన్నయ్య ఇంట్లో రోజూ అవసరం లేదు. మీడియా సర్వర్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేశాను. కంప్యూటర్లకు ఫోల్డర్లను పంచే ఎస్ఎంబీ పద్ధతి మొదటి వెర్షన్‌ను ఆపి, రెండో వెర్షన్ నుంచే అనుమతించాను. 2017 మే నెలలో వనాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా వ్యాపించింది విండోస్‌లోని ఆ పాత మొదటి వెర్షన్‌లోని లోపం గుండానే. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. పెట్టెతోపాటే వచ్చే "అడ్మిన్" ఖాతాను నిలిపేసి, వేరే పేరుతో నిర్వాహక ఖాతా తెరిచి, దానికి ఫోన్ ద్వారా రెండో అంచె ధ్రువీకరణ పెట్టాను. కొన్ని విఫల ప్రయత్నాల తర్వాత ఐపీని అడ్డుకునే సదుపాయం, ఫర్మ్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ అయ్యే సదుపాయం ఆన్ చేశాను. తానుగా జరిగే అప్‌డేట్ల వల్ల అప్పుడప్పుడు ఏదో ఒకటి పనిచేయకుండా పోవచ్చునని కొందరు ఆపేస్తారు. ఇంటి వాడుకకు మాత్రం అప్‌డేట్ రాకపోవడమే పెద్ద ప్రమాదం.

రోజువారీ వాడుకకు ఎవరి ఖాతా వారికి ఇచ్చాను. ఇక్కడ ఒక నిర్ణయం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాడులు రెండో దారిన కూడా వస్తాయి: ఇంట్లోని విండోస్ ల్యాప్‌టాప్‌కు రాన్సమ్‌వేర్ సోకితే, దానికి డ్రైవ్‌గా కలిపి ఉన్న నాస్ ఫోల్డర్లను కూడా అది ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. నాస్‌లో ఏ లోపమూ లేకపోయినా, ఆ ల్యాప్‌టాప్‌కు రాసే అనుమతి ఉంటే చాలు. అందుకని ఫోల్డర్లను రెండు రకాలుగా విడదీశాను. "కొత్తవి" అన్న ఫోల్డర్‌లో అందరూ రాయవచ్చు. "భద్రం" అన్న ఫోల్డర్‌లో పాత ఫొటోలు, దస్తావేజులు ఉంటాయి. ఇంట్లోని అందరి ఖాతాలకూ అది చదవడానికి మాత్రమే. కొత్తవి పోగైనప్పుడు మా అన్నయ్య నిర్వాహక ఖాతాతో నాస్ లోపలే వాటిని "భద్రం"లోకి తరలిస్తాడు. నిర్వాహక ఖాతా ఏ కంప్యూటర్‌లోనూ సేవ్ అయి ఉండదు. పదేళ్ళ క్రితం తీసిన ఫొటోను మార్చే అవసరం ఎవరికీ రాదు. మార్చే అవసరం లేని చోట మార్చే అధికారం ఎందుకుండాలి?

దూరం నుంచి ఫొటోలు చూడడం మాత్రం మానుకోమనలేం. అమ్మానాన్నలు గుంటూరులోనో, కరీంనగర్‌లోనో, పిల్లలు డల్లాస్‌లోనో ఉన్న కుటుంబాలకు ఈ పెట్టె కొనడంలో సగం ప్రయోజనం అదే. దానికి సరైన దారి వీపీఎన్, అంటే బయటి పరికరాన్ని ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే రహస్య దారి. రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సదుపాయం ఉండి, పబ్లిక్ ఐపీ ఉంటే అదే చాలు; సరైన కీ లేకుండా వచ్చే ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు కాబట్టి, వెతికేవారికి అక్కడ ఏదైనా ఉన్నట్టే తెలియదు. సీజీనాట్‌లో ఉన్నవారికి టెయిల్‌స్కేల్ వంటి సేవ పనికొస్తుంది, పోర్ట్ ఏదీ తెరవనక్కర్లేదు. మా అక్క ఫోన్‌లోనూ, ల్యాప్‌టాప్‌లోనూ దానిని పెట్టించడానికి ఒక వీడియో కాల్ సరిపోయింది. నాస్ కంపెనీలు తమ సర్వర్ల గుండా కలిపే సొంత రిలే సేవల గురించి నాకు అంత నమ్మకం లేదు. అవి పోర్ట్ తెరవకపోవచ్చు, కానీ ఆ సేవలో మీ పెట్టెకు ఉన్న పేరు తెలిసిన ఎవరికైనా మీ లాగిన్ పేజీ కనిపిస్తుంది. ముప్పు తగ్గుతుందే తప్ప తొలగిపోదు.

ఇక స్నాప్‌షాట్లు, బ్యాకప్. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది. స్నాప్‌షాట్ అంటే ఒకానొక క్షణంలో ఫోల్డర్ ఎలా ఉందో అదే డిస్కు మీద గుర్తుపెట్టుకోవడం. ల్యాప్‌టాప్ ద్వారా వచ్చే దాడికి ఇది చక్కటి విరుగుడు: ల్యాప్‌టాప్ ఖాతాకు స్నాప్‌షాట్లను తాకే అధికారం ఉండదు కాబట్టి, నిన్నటి స్థితికి కొద్ది నిమిషాల్లో వెనక్కి వెళ్ళవచ్చు. కానీ నాస్‌నే పూర్తిగా చేజిక్కించుకున్నవారికి స్నాప్‌షాట్లను తొలగించడం క్షణాల పని. నిర్ణీత గడువు వరకు నిర్వాహకుడు కూడా తొలగించలేని స్నాప్‌షాట్లను ఇప్పుడు కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. సినాలజీ 2023లో తన పెట్టెల సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.2తో దానిని తెచ్చింది. ఉంటే తప్పక వాడాలి. అయినా అది అదే పెట్టెలో, అదే సాఫ్ట్‌వేర్ దయ మీద ఉంటుంది. స్నాప్‌షాట్ల వల్ల మరో ఉపయోగం ఉంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఫైళ్ళు పెద్ద సంఖ్యలో మారినప్పుడు స్నాప్‌షాట్ పరిమాణం ఒక్కసారిగా పెరుగుతుంది. రోజూ కొన్ని ఎంబీలు ఉండేది హఠాత్తుగా వందల జీబీలకు వెళ్ళిందంటే, ఎవరూ పెళ్ళి వీడియోలు ఎక్కించకపోతే, అది దాడికి తొలి సూచన. ఖాళీ స్థలం ఒక హద్దు దాటి తగ్గితే ఫోన్‌కు సందేశం వచ్చేలా పెట్టాను.

బ్యాకప్‌కు 3-2-1 అనే నియమం ప్రసిద్ధమైనది. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన మాట అది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి ఇంటి బయట. రాన్సమ్‌వేర్ కాలంలో దానికి ఇంకో షరతు చేర్చుకోవాలి. కనీసం ఒక కాపీని చెరిపే అధికారం నాస్‌కు ఉండకూడదు. నాస్ వెనుక ఎప్పుడూ తగిలించి ఉండే యూఎస్‌బీ డిస్కు ఈ పరీక్షలో ఓడిపోతుంది, ఎందుకంటే నాస్‌లోకి వచ్చినవారికి అది కూడా ఇంకో ఫోల్డరే. క్లౌడ్‌తో సింక్ చేయడం కూడా ఓడిపోతుంది, ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు అంతే నమ్మకంగా క్లౌడ్‌లోకి వెళ్ళి మంచిదాని స్థానం ఆక్రమిస్తుంది. పాత వెర్షన్లు నిలిపే సదుపాయం ఎంతకాలం ఉంచుతుందో చూసుకోవాలి.

మా అన్నయ్య ఇంట్లో పెట్టిన ఏర్పాటు ఇది. ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, పై అంతస్తులో పెట్టాం. అది రాత్రిపూట లేచి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఒక ఖాతాతో నాస్‌లోకి వెళ్ళి, ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో కొత్త ఫైళ్ళను లాక్కుంటుంది. పాత వెర్షన్లను తేదీల వారీగా తన దగ్గరే ఉంచుకుంటుంది. కాపీని నాస్ పంపడం లేదు, ఆ కంప్యూటరే తెచ్చుకుంటోంది. ఈ చిన్న తేడాలోనే రక్షణ అంతా ఉంది: ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ నాస్‌లో ఎక్కడా లేదు, నాస్ నుంచి దానిలోకి వెళ్ళే దారీ లేదు. దానితోపాటు రెండు యూఎస్‌బీ డిస్కులు, వాటిని వెరాక్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాం. ఒకటి ఇంట్లో, రెండోది మా పిన్ని ఇంట్లో ఉంటాయి, నెలకొకసారి చోటు మారతాయి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బ్యాంకు లాకర్‌లో పెట్టారు. డిస్కు తగిలించే ముందు నాస్‌లోని కొన్ని ఫొటోలు, ఒక పీడీఎఫ్, ఒక ఆడియో తెరిచి చూడాలన్నది నియమం. అవి తెరుచుకుంటేనే డిస్కు తగిలించాలి. చెడిన ఫైళ్ళను మంచి కాపీ మీదికి మన చేతులతో ఎక్కించుకోకుండా ఈ ఒక్క నిమిషం కాపాడుతుంది. అలాగే ఏదో ఒక ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తిరిగి తెచ్చి చూసేదాకా బ్యాకప్ ఉందని అనుకోవద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పాను.

ఎంత దక్కిందో చెప్పాలి కదా. బీరువాలో ఉన్న ఒక పాత పోర్టబుల్ డిస్కులో చాలా ఏళ్ళ ఫొటోలు దొరికాయి. ఆ తర్వాతివి కొన్ని ఫోన్లలో, కొన్ని బంధువుల వాట్సాప్‌లలో దొరికాయి, ఆ వచ్చినవి నాణ్యత తగ్గినవే. పొలం కాగితాల అసలు ప్రతులు ఉన్నాయి కాబట్టి మళ్ళీ స్కాన్ చేయించాం. నాయనమ్మ రికార్డింగులలో మూడొంతులు మా అక్క ల్యాప్‌టాప్‌లో బయటపడ్డాయి. మిగతావి అలమరలోని ఆ డిస్కులలో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, తాళం చెవి కోసం నో మోర్ రాన్సమ్‌లో అప్పుడప్పుడు చూస్తూనే ఉంటాను.

ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ కావడమే కాక, బయటికి కూడా వెళ్ళి ఉండవచ్చునన్న అనుమానంతోనే మిగతా జాగ్రత్తలు తీసుకోవాలి. నాస్‌లో ఆధార్, పాన్ స్కాన్లు ఉంటాయి; కొందరి ఇళ్ళలో పాస్‌వర్డ్‌ల ఎక్సెల్ ఫైలు కూడా ఉంటుంది. ఇంట్లో అందరి ఆధార్ బయోమెట్రిక్‌లను లాక్ చేయించాను, ఎవరికీ తెలియని అప్పులు పాన్ మీద లేవని క్రెడిట్ రిపోర్టులు తెప్పించి చూశాం. ఎక్కువమంది మరిచిపోయేది మరొకటి ఉంది. హెచ్చరికల ఈమెయిల్ పంపడానికి, క్లౌడ్‌లోకి కాపీ చేయడానికి నాస్‌లో ఎప్పుడో ఇచ్చిన ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు, క్లౌడ్ కీలు ఆ పెట్టెలోనే నిల్వ ఉంటాయి. వాటన్నిటినీ రద్దు చేసి కొత్తవి ఇవ్వాలి, లేకపోతే నాస్ శుభ్రపడినా ఈమెయిల్ పెట్టె వారి చేతిలోనే ఉండిపోవచ్చు.

చివరిగా, అప్‌డేట్లు ఆగిపోయిన పాత పెట్టెల విషయం. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు ప్రపంచవ్యాప్తంగా ఒక్కసారిగా ఫ్యాక్టరీ రీసెట్ అయి, ఏళ్ళ తరబడి దాచుకున్న ఫైళ్ళు ఖాళీ అయ్యాయి. వాటికి 2015 తర్వాత అప్‌డేట్లే లేవు. రీసెట్ చేసే ముందు పాస్‌వర్డ్ అడగవలసిన కోడ్ వరుసలు పనిచేయకుండా నిలిపివేసి ఉన్నట్టు తర్వాత బయటపడింది. డబ్బు అడిగినవారు కూడా లేరు. మా మేనమామగారి ఇంట్లో అటువంటి వయసు మీరిన పెట్టె ఒకటి ఉంది. పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు, నేనూ బలవంతపెట్టలేదు. దాని మ్యాక్ చిరునామాను (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్యను) రౌటర్‌లో ఇంటర్నెట్ నుంచి పూర్తిగా కట్ చేసి, నెలకొకసారి ఆన్ చేసి, కాపీ తీసుకుని, మళ్ళీ ప్లగ్ తీసేసే మూడో కాపీగా మాత్రమే వాడుకునేలా అమర్చి వచ్చాను. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు ఇస్తారో చూసి, ఆ సంవత్సరాన్ని పెట్టె మీదే స్టిక్కర్ రాసి అంటించండి. మా అన్నయ్య పెట్టె మీద ఇప్పుడు ఆ స్టిక్కర్ ఉంది.